సిరిమాను దిగిన తరువాత

నేను నాయకుణ్ణి కాలేదు. నన్ను తారుడబ్బా ఎక్కించారు, అంతే. ఈ రెంటికీ ఉన్న తేడా తలకెక్కడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది గరివిడి. నల్లరాయి ఊరు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మా పొరుగున ఉన్న కోడూరులోనే. అక్కడి రాతి రకానికి భూగర్భ శాస్త్రవేత్తలు కోడూరైట్ అని ఆ ఊరి పేరే పెట్టారు. మా తాత ఆ రాయిని తట్టల్లో మోశాడు. మా నాన్నా మోశాడు. నేను పదో తరగతి గట్టెక్కానని వాళ్లిద్దరూ నన్ను తట్ట పట్టనివ్వలేదు. గోనె మిల్లులో స్పిన్నింగ్ సైడు చేరాను. ఏ మిల్లో చెప్పను. మా జిల్లాలో గోనె మిల్లులు ఒకటీ రెండూ కావు, కథలు మాత్రం అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే.

సమ్మె మొదలైన తొమ్మిదో రోజున యూనియన్ కార్యదర్శిని పోలీసులు పట్టుకుపోయారు. ఆ మధ్యాహ్నమే గేటుకి యాజమాన్యం నోటీసు అతికించింది. ఇంగ్లీషులో ఉంది. గుంపులో పక్క ఫ్రేము మావయ్య నా భుజం పట్టుకుని ముందుకు తోశాడు. "సదువుకున్నోడివి కదేటి, ఏటుందో సెప్పు" అన్నాడు. వెనకవాళ్లకి వినపడటం లేదని ఇద్దరు నన్ను ఎత్తి ఖాళీ తారుడబ్బా మీద నిలబెట్టారు. కాళ్లు వణికాయి. నోటీసు చదివాను, అర్థం చెప్పాను. పనిలోకి రాకపోతే పేర్లు తీసేస్తామన్నది సారాంశం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడినుంచో ఒక గొంతు, "అయితే మనమేటి సేద్దాం?" అంది.

నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి "రేపు కూడా వద్దాం" అన్నాను.

నా జీవితంలో నేను చేసిన మొదటి ఉపన్యాసం ఆ మూడు మాటలే. దానికి వచ్చిన కేక మాత్రం అవతల రోడ్డు మీద బస్సాపింది. డబ్బా దిగేసరికి నేను కార్యదర్శినైపోయాను. మా ఆవిడ ఆ రాత్రి చోడి అంబలి గ్లాసులో పోస్తూ "ఇంక నీతో మాటాడాలంటే చీటీ రాయాలేటి?" అని నవ్వింది.

ఆ మూడు మాటలు అన్నది ఎవరు? ఇదే నన్ను ఇన్నేళ్లూ వదలని ప్రశ్న. నేనే అన్నానంటే అబద్ధం. వందలమంది గొంతులో ఆగిపోయిన మాట నా నోట్లోంచి జారింది. నేను కాదంటే అదీ అబద్ధమే. నోరు నాదే.

*

చర్చలకు పిలిచినప్పుడు మేనేజరు గదిలో గోడ మీద ఒక క్యాలెండరు ఉండేది. రథం మీద కృష్ణుడు, కింద చతికిలబడ్డ అర్జునుడు. బొమ్మ కింద, పని చేయడం వరకే నీ వంతు, ఫలం సంగతి నీది కాదు అనే అర్థం వచ్చే మాట. మేం బోనస్ ఎత్తినప్పుడల్లా ఆయన కుర్చీ కాస్త తిప్పి ఆ క్యాలెండరు వైపు చూసేవాడు. నోటితో ఏమీ అనేవాడు కాదు. ఆ చూపుకి నా దగ్గర జవాబు లేదు. నేను రామాలయంలో భజన చేసే ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. కృష్ణుడి మీద పోట్లాడతానా?

జవాబు దొరికింది మిల్లు ఉద్యోగం మానేశాకే. గరివిడి రామాలయంలో ఒక రిటైరైన తెలుగు మాస్టారు శనివారాలు గీత చెప్పేవారు. నేను అరుగు చివర కూచుని వినేవాణ్ణి. ఒకనాడు తట్టింది: గీత మొదలయ్యేదే సమ్మెతో. అర్జునుడు విల్లు కింద పెట్టి, నేను ఈ పని చెయ్యను అంటాడు. ఆ తరువాత జరిగిందంతా ఆయన్ని తిరిగి పనిలోకి దింపడానికే. యజమానులకి గీత మీద అంత ఇష్టం ఎందుకో అప్పుడు అర్థమైంది. మాస్టారితో అంటే, ఆయన కోప్పడలేదు. "అర్జునుడి చేత కృష్ణుడు పని చేయించింది ఎవరి లాభం కోసమో చూడు. రథం తోలినవాడే కూలి అడగలేదు. మీ మేనేజరు రథం తోలాడా?" అన్నారు.

ఆయనే నాలుగో అధ్యాయంలో ఇంకో మాట చూపించారు. చేతిలో పని కనిపిస్తున్నా చేయనివాడుంటాడు, చేతులు కట్టుకున్నా పని చేసేవాడుంటాడు, ఈ తేడా చూడగలవాడే తెలివైనవాడు అని దాని భావం. నా మటుకు అది సమ్మె గురించే రాసినట్టుంది. ఫ్రేము దగ్గర నేను పన్నెండేళ్లు దారం అతికాను. సమ్మె నడిచిన తొంభై నాలుగు రోజులూ అంతకన్నా ఎక్కువ పని చేశాను. పొద్దున్నే గేటు దగ్గర హాజరు. తరువాత గోగు పండించే రైతుల ఊళ్లకి గోనెసంచి పట్టుకుని బియ్యం అడగడానికి. మధ్యాహ్నం ఇంటికింత అని కొలిచి పంచడం. సాయంత్రం కిరాణా కొట్టు ఆయన్ని ఇంకో వారం అప్పు ఇమ్మని బతిమాలడం. రాత్రి రెండువందల పేజీల నోటుపుస్తకంలో పద్దులు. పని మానేసినవాడు ఇంత పని చేస్తాడని నాకు అంతకు ముందు తెలీదు.

*

ఒకరోజు లేబరాఫీసులో చర్చలు అయ్యేసరికి పొద్దుపోయింది. వాళ్లు టీ ఇచ్చారు, రెండు పూరీలు పెట్టారు. తిన్నాను. తిరిగొచ్చాక మావయ్య నా చొక్కా వాసన చూసి "నీకేటి బావూ, నూనెలో కాలినవి తింటన్నావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇలాంటి మాటే 1918లో గాంధీగారికి తగిలింది. అహ్మదాబాదు మిల్లుల్లో ప్లేగు రోజుల బోనస్ తీసేశారు. కార్మికులు 35 శాతం పెంపు అడిగితే యజమానులు 20 దగ్గర ఆగిపోయారు. కార్మికుల వైపు నిలబడ్డ అనసూయా సారాభాయ్ మిల్లు యజమానుల్లో ముందున్న అంబాలాల్‌కి సొంత అక్క. ఆకలి ముదిరాక ఎవరో అన్నారు, గాంధీ, అనసూయలకేం, కార్లలో తిరుగుతారు, కడుపునిండా తింటారు అని. ఆ మాట గాంధీగారి చెవిన పడింది. మార్చి 15న ఆయన తిండి మానేశారు. 18న రాజీ కుదిరింది. తరువాత పంచాయతీలో 35 శాతమే ఖాయమైంది. గెలుపే. అయినా ఆయన తన ఆత్మకథలో ఆ ఉపవాసంలో పెద్ద లోపం ఉందని ఒప్పుకున్నారు. యజమానులు తన స్నేహితులు కాబట్టి ఆకలి వాళ్లని న్యాయంతో కాకుండా మొహమాటంతో లొంగదీసిందని ఆయన బాధ.

గెలిచిన సమ్మెలో తన తప్పు వెతుక్కున్న నాయకుడి గురించి ఇది తెలిసేదాకా నేను వినలేదు. నేను తిన్న రెండు పూరీలకి ఇంకో రకంగా సమాధానం చెప్పుకున్నాను. ఆకలితో ఉంటే చర్చలు ఎలా చేస్తాం అనుకున్నాను. ఆ సమాధానం ఇప్పటికీ తప్పని అనను. కానీ దాన్ని ఎంత తొందరగా తయారు చేసుకున్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

*

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పారు. పని జరిగే చోటు, చేసేవాడు, చేతిలో పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. ఇవి చూడకుండా నేనొక్కడినే చేశాను అనుకునేవాడికి చూపు లేనట్టేనని ఆ వెంటనే అంటారు. మాస్టారు ఇది చెప్పిన రోజు ఇంటికొచ్చి పాత నోటుపుస్తకం తీసి మా సమ్మెకి లెక్క వేశాను. చోటు, మిల్లు గేటు. చేసేవాడు, తారుడబ్బా మీది నేను. పనిముట్లు, ఒక మైకు, ఒక సైకిలు, ఈ పుస్తకం. ప్రయత్నాలు, ఊరూరా బియ్యం అడిగిన ఆడవాళ్లు, అప్పిచ్చిన కొట్టతను, పిల్లల్ని పుట్టింటికి పంపి గేటు దగ్గర కూచున్న తల్లులు. దైవం? మా లెక్కలో దైవం అంటే ప్లాస్టిక్ సంచి. ధాన్యానికీ చక్కెరకీ గోనెసంచులే వాడాలని 1987లో కేంద్రం చట్టం చేసినా, ప్లాస్టిక్ అడ్డం పడుతూనే ఉంది. మా ఆర్డర్లు తగ్గడానికి అదీ ఒక కారణమని యజమాని అనేవాడు. అందులో కొంత నిజం ఉంది. అయిదింట నేను ఒక్కటి.

ఇది మా మిల్లు మాటే కాదు. పోలండులో గ్దాన్స్క్ ఓడల కార్ఖానాలో లెక్ వలేసా అనే ఎలక్ట్రీషియన్ 1980 ఆగస్టు 14న గోడ దూకి లోపలికెళ్లి సమ్మెకి నాయకుడయ్యాడు. ప్రపంచానికి తెలిసిన కథ ఇంతే. ఆ సమ్మె ఎందుకు మొదలైంది? అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ నడిపే మనిషిని పని నుంచి తీసేసినందుకు. మూడో రోజున యాజమాన్యం ఓడల కార్ఖానా వరకు కోర్కెలు ఒప్పుకుంది. వలేసా సమ్మె అయిపోయిందని ప్రకటించాడు. జనం ఇళ్లకి బయల్దేరారు. మిగతా కార్ఖానాల వాళ్ల గతేంటని వాలెంటినోవిచ్, అలీనా పియెన్‌కోవ్‌స్కా అనే నర్సూ, ఇంకొందరు ఆడవాళ్లూ గేట్లకి అడ్డంపడి వెనక్కి తిప్పారు. ఆ గేట్లు మూసి ఉండకపోతే ఆగస్టు 31 ఒప్పందమూ లేదు, సాలిడారిటీ యూనియనూ లేదు. నాయకుడు సమ్మె ముగించేశాడు, పక్కనున్నవాళ్లు దాన్ని బతికించారు. చరిత్ర పుస్తకంలో మాత్రం పేరు ఆయనదే పెద్దది.

మా దగ్గరా అంతే. యాభై రెండో రోజున యాజమాన్యం అడ్వాన్సు ఇస్తానంది. ఆ రోజు నా మెడలో దండలు పడ్డాయి. భుజాల మీద ఊరేగించారు. అడ్వాన్సు తెచ్చింది నేనే అని ఆ క్షణం నమ్మాను. నమ్మడం చాలా తేలిక. పైనుంచి చూస్తే తలలే కనబడతాయి, భుజాలు కనబడవు.

*

మా జిల్లాలో పుట్టినవాళ్లకి సిరిమాను చెప్పనక్కర్లేదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ పండగ. అమ్మవారు కలలో చూపిందన్న చింతచెట్టుని కొట్టి పెద్ద మాను చేస్తారు. బండికి బిగించిన ఆ మాను కొసన ఆకాశంలో పూజారి కూచుంటాడు. చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిప్పుతారు. జనం కింద నుంచి అరటిపళ్లు విసురుతారు. ఆ కాసేపు ఆయన అమ్మవారే. తోడబుట్టిన విజయరామరాజు 1757 బొబ్బిలి యుద్ధంలో పోయాడని కుమిలిపోయిన ఆడపడుచే ఈ అమ్మ అని మా పెద్దలు చెబుతారు.

చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూచుని చూస్తూ అడిగాను, "ఆయన పడిపోతే?" అని. నాన్న పైకి చూడలేదు. కింద మాను మొదట్లో తాళ్లు పట్టుకున్నవాళ్లని చూపించాడు. "ఆళ్లు వదిలీకపోతే పడడు" అన్నాడు.

పూనకం వచ్చిన మనిషిని కూడా మనం అలాగే చూస్తాం. అమ్మ పలికినంతసేపూ కాళ్లకి నీళ్లు పోసి దండం పెడతాం. మర్నాడు ఆవిడ చెరువు దగ్గర గిన్నెలు తోముకుంటుంటే పక్కింటి మనిషిలాగే పలకరిస్తాం. ఆవిడా నిన్న నేను అమ్మనని చెప్పుకోదు. సమ్మె నాయకత్వం మీద మా ఊరి మతం చెప్పిన మాట ఇది అనిపిస్తుంది. అమ్మ ఎవరి మీదికైనా వస్తుంది. వచ్చింది కాబట్టి నీ ఇల్లు గుడి అయిపోదు.

ఇక్కడిదాకా అయితే బాగానే ఉంది. నేను కర్తని కాను, అందరూ కలిసి చేశారు, నేను మాను కొసన కూచున్నాను. వినయంగా ఉంటుంది, వినడానికీ బాగుంటుంది. చిక్కు ఆ తరువాత వచ్చింది.

*

తొంభై నాలుగో రోజున ఒప్పందం. పర్మినెంటు వాళ్లందరినీ తీసుకుంటారు. డి.ఎ. బకాయిలు మూడు వాయిదాల్లో ఇస్తారు. బదిలీ కార్మికుల్లో, అంటే పర్మినెంటు వాళ్లు రాని రోజు పనికి పిలిచేవాళ్లలో, ముప్పై ఒక్కమందిని మాత్రం తీసుకోరు. అర్ధరాత్రి దాటింది. బయట మిగతావాళ్లు తిండిలేక వాలిపోయి ఉన్నారు. నేను సంతకం పెట్టాను. అంతకుముందు మా కోర్కెల కాగితం మీద వేలిముద్రలు వందలున్నాయి. ఈ కాగితం మీద మా వైపు నుంచి సంతకం ఒకటే.

తరువాత నన్ను నేను ఎలా ఓదార్చుకున్నానంటే, అదే గీతతోనే. చేసింది నేనా? అయిదు కారణాలున్నాయి కదా. దైవం ఉంది కదా. ప్లాస్టిక్ ఉంది, ఆకలి ఉంది, ప్రభుత్వం ఉంది. నేను ఒట్టి పనిముట్టుని. ఇలా అనుకుని కొన్నేళ్లు హాయిగా నిద్రపోయాను.

ఆ ముప్పై ఒక్కమందిలో ఒకతని భార్య ఒకసారి గరివిడి సంతలో ఎదురుపడింది. ఆయన పోయి రెండేళ్లయిందని చెప్పింది. వరసకి నాకు అప్ప అవుతుంది. నేను నా పాఠం అప్పజెప్పాను. మన చేతుల్లో ఏముందప్పా, అంతా పైవాడు అన్నాను. ఆవిడ వంకాయలు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే అంది: "గెలిసిన్నాడు నివ్వే గెలిపించినావని దండలేయించుకున్నావు కదా తమ్ముడా. ఓడిన్నాడు పైవోడా?"

నేను అక్కడే నిలబడిపోయాను. ఆవిడ డబ్బులిచ్చి వెళ్లిపోయింది.

నేను కర్తని కానన్న మాటని నేను తలకిందులుగా పట్టుకున్నాను. దండ పడినప్పుడు కర్త నేను. నష్టం వచ్చినప్పుడు కర్త దేవుడు. మేనేజరు క్యాలెండరు చూపించి చేసింది కూడా ఇదే. లాభం లెక్క తనది, ఫలం వదులుకోవాల్సిన బాధ్యత మాది. ఆయన్ని తిట్టుకుంటూనే ఆయన గీతే చదివాను.

మా ప్రాంతం ఎరిగిన పెద్దమనిషి ఒకరి సంగతి ఇక్కడ చెప్పాలి. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి కార్మికుడు కాదు, లాయరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టి నాయకుడయ్యారు. 1937లో మా పక్క బొబ్బిలిలో నిలబడి బొబ్బిలి రాజానే ఓడించారు. 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, బ్యాంకు ఉద్యోగులకి వచ్చిన అవార్డుని ప్రభుత్వం మార్చేసింది. అది మంత్రివర్గం పని, నేను ఒక్కడినే కాదు కదా అని ఆయన అనొచ్చు. అనలేదు. మంత్రి పదవి వదిలేశారు. ఇరవై ఏళ్ల తరువాత 1974 మే 8న దేశమంతటా రైలు కార్మికులు సమ్మె కట్టారు. వేలమందిని జైల్లో పెట్టారు, ఉద్యోగాలు తీసేశారు, 27న సమ్మె విరమించారు. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ గిరిగారే. రాజ్యాంగం రాష్ట్రపతి చేతులు కట్టేస్తుంది, అది నాకు తెలుసు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయినా ఆయన పేరు తలుచుకున్నప్పుడు నాకు గుర్తొచ్చేది 1954. కుర్చీ దిగిన రోజు.

ఇంత చదివి, ఇంత విని, చివరికి నా మట్టుకు ఒక నియమం పెట్టుకున్నాను. ఇది గీతలో ఉన్నదో లేదో మాస్టారు చెప్పలేదు, నేనూ అడగలేదు. గెలుపులో నేను అయిదో వంతు కూడా కాను. ఓటమిలో, ఎవరికి నష్టం జరిగిందో వాళ్ల ముందు, అయిదు వంతులూ నేనే. దైవాన్ని సాక్షిగా పిలవొచ్చు, బాకీ మాత్రం దైవం పేరు మీద రాయకూడదు. సంతకం నాది.

ఈ మధ్య మా వీధి కుర్రవాడు ఒకడు వచ్చాడు. ఎక్కడో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. వాళ్లు సమ్మెకి దిగితే అతన్ని ముందుకు తోశారట. "ఏటి సెయ్యాలి తాతా?" అన్నాడు. మాట్లాడటం ఎలాగో నేను చెప్పలేదు, అది జనమే నేర్పుతారు. నీ నోటుపుస్తకంలో పేర్లు రాసుకో అన్నాను. ఎవరు బియ్యం ఇచ్చారో, ఎవరు అప్పు ఇచ్చారో, ఒప్పందంలో ఎవరి పేరు జారిపోయిందో. దండలు పడిన రోజు ఆ పుస్తకం తెరవకు, సంతకం పెట్టే రోజు తెరువు అన్నాను.

నా పుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది. అట్ట ఊడిపోతే గోనెగుడ్డతో కుట్టించాను. ఆ సంత రోజు తరువాత ముప్పై ఒక్క పేర్లూ ఒక పేజీ మీదికి ఎక్కించుకుని ఒక్కొక్కరి ఇల్లూ వెతుక్కుంటూ వెళ్లాను. చాలామందికి తమ పేరున పి.ఎఫ్. డబ్బు ఉందనే తెలీదు. పంతొమ్మిది మందికి ఫారం 19, ఫారం 10-సి నా చేత్తోనే నింపాను, డబ్బు వచ్చింది. ఎనిమిది మంది అప్పటికే పోయారు, వాళ్లలో ఆరుగురి ఇళ్లకి కాగితాలు పూర్తయ్యాయి, రెండు ఇంకా నడుస్తున్నాయి. నలుగురు ఎక్కడున్నారో తెలీదు. ఒకతను కేరళలో కట్టడం పనికి వెళ్లాడని మాత్రం విన్నాను.